ఎడమచేతి అతుకు

మార్చి 4, మంగళవారం

ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా నాన్న నా మీద సుత్తి విసిరాడు. రేపు పొద్దున్న లేచేసరికి అలాంటిదేమీ జరగలేదని నన్ను నేనే నమ్మించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే రేకు తలుపు మీద సొట్ట ఇంకా కొత్తగా ఉండగానే రాసి పెట్టుకుంటున్నాను.

నాకు తగలలేదు. తగలాలని విసరలేదు.

జరిగింది వరుసలో రాస్తాను. రెండేళ్ళుగా బ్యాంకుల కోసం కార్లకీ ట్రాక్టర్లకీ విలువ కడుతున్న నాకు మొదటిసారి ఒక అరుదైన బండి అప్పగించారు. అరవై రెండేళ్ళ కిందటి ఫోర్ వీల్ డ్రైవ్ జీపు, పొట్టి చాసీది. సైన్యం కోసమని ఆ రకం మూడు వందలే చేశారు. వాటిలో ఇంకా నడుస్తున్నవి పదకొండో పన్నెండో. అదే రూపంలో మామూలు బండ్లు మాత్రం వేలల్లో ఉన్నాయి. రెండిటికీ తేడా అంతా చాసీ మీద, అంటే బండి అడుగు ఇనుప చట్రం మీద, కొట్టిన నంబరులోనే. నంబరు నిజమైతే ముప్పై రెండు లక్షలు. కాకపోతే నాలుగు. కొనాలనుకుంటున్నది కళ్ళ డాక్టరుగారు. అమ్మేది కంకరాయన. మా అన్న టిప్పరు తోలేది ఆయన క్వారీలోనే.

పొద్దున్న ఏడింటికే క్వారీ షెడ్డులో ఉన్నాను. అద్దాల మూలల్లో తేదీలు సరిపోయాయి. ఇరుసుల పోత మీద సంవత్సరం సరిపోయింది. తలుపుల అడుగున అయస్కాంతం టక్కున అంటుకుంది, అంటే పుట్టీ మెత్తలేదు. కుదుపు తట్టుకునే కమాన్ పట్టీలు అన్నీ ఉన్నాయి. చాలా సంతోషపడ్డాను. తర్వాత కిందికి దూరాను.

కుడి ముందు చక్రం వెనక, సరిగ్గా నంబరున్న చోట, అరచేయంత ముక్క చుట్టూ అతుకు ఉంది. వేరే చాసీ నుంచి నంబరు ముక్క కోసి ఇందులో పొదిగారు. బయటివైపు గ్రైండరుతో గీరి రంగేశారు. లోపలివైపు గ్రైండరు దూరదు. చిన్న అద్దం పెట్టి టార్చి వేసి చూశాను. ఆ కాలపు ఫ్యాక్టరీ అతుకులు మొరటుగా, జానెడుకొకటి, జల్లిన బురదలా ఉంటాయి. ఇది అల మీద అల పేర్చినట్టుంది. ఇంత శుభ్రమైన అతుకు ఆ కాలంలో ఎవరూ వేయరు. అంత అందంగా ఉంది కాబట్టే దొంగదని తెలిసిపోయింది.

ఎవరు వేశారో తెలియదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి కూర్చున్నాక నాన్న అడిగాడు. "ఎవడి బండి చూసొచ్చావే?"

"కంకరాయనది."

నాన్న చెయ్యి కంచంలో ఆగింది. "ఎలా ఉంది?"

"నంబరు ముక్క అతికించారు నాన్నా. పైకి బాగానే ఉంది గానీ, గట్టి గుంటలో పడితే అక్కడే విరుగుతుంది."

"విరగదు."

"నీకెలా తెలుసు?"

అప్పుడే సుత్తి. వెల్డింగ్ మీద మడ్డి కొట్టే సన్న సుత్తి, నాన్న వెల్డరు కాబట్టి ఎప్పుడూ ఆయన పక్కనే ఉంటుంది. అమ్మ లేచి, కింద పడ్డ గరిటెను తీసిపెట్టినట్టు దాన్ని తీసి మళ్ళీ ఆయన పక్కనే పెట్టింది. "తిండి దగ్గర ఈ బండ్ల గోలేంటే నీకు? పొద్దున్నించీ ఎండలో పనిచేసొచ్చిన మనిషి" అంది.

నిజమే. ఎండ. అంతే.

మార్చి 5, బుధవారం

తలుపు సొట్ట నాన్నే సరిచేశాడు. ఇప్పుడు వేలు పెట్టి తడిమినా తెలియదు.

మార్చి 6, గురువారం

మంగళవారం తీసిన నలభై ఒక్క ఫోటోలూ ఆఫీసు కంప్యూటర్లో ఎక్కించాను. పదిహేడోది, అంటే అతుకుది, సరిగ్గా రాలేదు. వెలుతురు చాలలేదు. అందుకని మళ్ళీ వెళ్ళాను.

బండిని జాకీ మీద లేపి, ఒక పక్క స్టాండు పెట్టి, క్వారీ మెకానిక్కు నన్ను కిందికి దూరమన్నాడు. వెల్లకిలా పడుకుని టార్చి వెలిగించానో లేదో, పైన తలుపు తెరిచిన చప్పుడైంది. ఎవరో సీట్లో కూర్చున్నారు. బండి నా మీదికి దిగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ దిగింది.

"కిందేం చదువుతున్నావు బంగారం? పుస్తకమేమన్నా దొరికిందా?" కంకరాయన గొంతు. ఆయనకి లోకంలో అందరూ బంగారమే.

ఊపుతున్నాడు. కావాలని, సీట్లో ఎగిరెగిరి కూర్చుంటూ ఊపుతున్నాడు. స్టాండు ఒక అంగుళం జరిగింది. రాతి మీద ఇనుము గీరుకున్న ఆ చప్పుడు పళ్ళలో వినిపించింది. ఇరుసు నా రొమ్ముకి ఆనింది. ఊపిరి వదిలాను. తీసుకోవడానికి చోటు లేదు.

మెకానిక్కు నవ్వాడు. భయంతోనే నవ్వి ఉంటాడు. ఊపడం ఆగింది. పక్కకి పాక్కుంటూ బయటికొచ్చేసరికి కంకరాయన బానెట్ దగ్గర నిలబడి ఉన్నాడు. మెకానిక్కు చెయ్యి ఇంజను మీద ఉంది.

"నిన్ను నవ్వమన్నానా?" అని బానెట్ దించేశాడు. రెండు చేతులతో, బరువంతా వేసి.

 మెకానిక్కు చెయ్యి లాక్కుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూలబడ్డాడు. రెండు వేళ్ళు ఉండాల్సిన వైపు లేవు.

"రాసుకో బంగారం" అన్నాడు కంకరాయన నాతో. "ఒరిజినల్ రేకు. ఈ కాలం బండ్లకైతే సొట్ట పడేది."

తర్వాత చాలా మర్యాదగా నాకు మంచినీళ్ళిచ్చాడు. డాక్టరుగారు నా మాట మీదే కొంటారట, ఇరవై ఒకటికల్లా రిపోర్టు కావాలట. "మీ అన్న మంచి డ్రైవరు. మీ నాన్న చెయ్యి కూడా మంచిదే" అన్నాడు.

మర్యాదకి అని ఉంటాడు.

ఫోటో తీయడం కుదరలేదు.

మార్చి 8, శనివారం

బండి నడిపి చూడకుండా విలువ కట్టకూడదు. నేను తోలతానన్నాను. "ఆడపిల్లవి, శ్రమెందుకు" అని కంకరాయనే స్టీరింగ్ పట్టుకున్నాడు.

క్వారీ గుంట చుట్టూ దారి రెండు గజాలుంటుంది. ఒకవైపు కొండ, ఒకవైపు ఏమీ లేదు. ఆ ఏమీ లేని వైపు నేను కూర్చున్నాను. మొదటి చుట్టు నెమ్మదిగా తిప్పాడు. గేరుబాక్సు ఊళ, క్లచ్చు జారుడు, అన్నీ రాసుకున్నాను. రెండో చుట్టులో వేగం పెంచాడు. రాళ్ళ మీద ఎగిరి పడినప్పుడల్లా నా తల పైనున్న ఇనుప కమ్మీకి కొట్టుకుంది. మూడోసారి కొట్టుకున్నాక కనుబొమ్మ మీద వెచ్చగా కారింది.

"చప్పుళ్ళేమన్నా వస్తున్నాయా?"

"ఆపండి."

"చప్పుళ్ళు అడిగాను బంగారం."

నాలుగో చుట్టులో నా వైపు చక్రాలు సరిగ్గా గుంట అంచు మీదికొచ్చేలా తోలి బ్రేకు వేశాడు. ఆ చక్రాల కింద మట్టి విరిగిపోవడం నేను కూర్చున్న సీటులోకి తెలిసింది. రాళ్ళు దొర్లాయి. అవి నీళ్ళలో పడిన చప్పుడు వినడానికి చాలాసేపు పట్టింది.

"దిగు. అటు కాదు, నీ వైపే."

ఒక పాదం పట్టే చోటుంది. తలుపు పట్టుకుని ఆ పాదం మోపాను. మిగతా శరీరం గాల్లో ఉంది. ఆయన అక్సిలరేటరు తొక్కి, ఇంజను అరుస్తుండగా నా ముఖం చూశాడు.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడన్నా విరిగిందా?"

"లేదు."

"గట్టిగా."

"విరగలేదు!"

చెయ్యి పట్టి లోపలికి లాగాడు. మణికట్టు మీద ఆయన వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

షెడ్డుకొచ్చాక కిందికి దూరి చూశాను. అంత కుదుపుకి కమాన్ పట్టీ ఒకటి పగిలింది. సైలెన్సరు ఊడింది. అతుకు మీద మాత్రం వెంట్రుకంత చీలిక కూడా లేదు. ఎందుకో గర్వంగా అనిపించింది. ఎందుకో తెలియదు.

మార్చి 9, ఆదివారం

కనుబొమ్మకి ఏమైందని నాన్న అడగలేదు. నేను చెప్పలేదు. ఇద్దరం కూర్చుని రేడియో విన్నాం.

మార్చి 10, సోమవారం

నంబరు మీద నాకు అనుమానంగా ఉందని ఆఫీసులో సార్‌కి చెప్పాను.

"అనుమానమా, రుజువా?"

"అనుమానమే సార్."

"ఫోటో ఉందా?"

"సరిగ్గా రాలేదు."

"సరే, వాళ్ళనోసారి కనుక్కుంటాను" అన్నాడు. ఆ ఫోను చేయొద్దని నేను అనలేదు.

మార్చి 11, మంగళవారం

సార్ నిన్న సాయంత్రమే కంకరాయనకి ఫోను చేశాడు. ఇవాళ పదకొండు గంటలకి మా అన్నని క్రషర్ దగ్గర ఇద్దరు పట్టుకుంటే ఒకడు ఫ్యాను బెల్టుతో కొట్టాడు. వీపు మీద కొట్టాడు, కాళ్ళ మీద కొట్టాడు. బెల్టు చుట్టుకుని ఎడమ చెవి సగం ఊడింది. ఐదు కుట్లు పడ్డాయి. మళ్ళీ టిప్పరెక్కి మూడు ట్రిప్పులు తోలి, అప్పుడు ఇంటికొచ్చాడు.

అరుగు మీద కూర్చుని నవ్వుతూనే చెప్పాడు. "సంతకం పెట్టెయ్యవే చెల్లీ. పోయేది ఎవడి డబ్బు? కళ్ళ డాక్టరుది. ఊళ్ళో కళ్ళున్న ప్రతివాడూ వాడికి గిరాకీయే."

"దొంగ నంబరుకి సంతకం పెట్టమంటావా?"

"ఇన్నాళ్ళూ పెట్టినవన్నీ నిఖార్సైనవా?"

"ఈ అతుకు వేసినవాడెవడో..."

"ఎవడేంటే?" అన్న నవ్వడం మానేశాడు. "నిజంగా తెలియదా నీకు? మా అందరికీ తెలుసు. అమ్మకి తెలుసు. చిన్నప్పట్నించీ నాన్న షెడ్డులో కూర్చుని ఎక్కాలు చదివినదానివి, నీకు తెలియదూ?"

కొట్టాను. కుడి చెంప కాదు, ఎడమ చెంప. చెవి మీద. కుట్లున్న చెవి మీద. తెలిసే కొట్టాను. కట్టు ఎర్రబడింది. అన్న చెయ్యెత్తలేదు, నా వంక అలాగే చూశాడు. అమ్మ లోపల్నుంచి వచ్చి నా జుట్టు పట్టుకుని వంచి, అరిచేత్తో వీపు మీద బాదింది. "చదివించింది ఇందుకటే? ఇందుకేనా?" అంటూ, ఒక్కో మాటకి ఒక్కోటి.

మార్చి 12, బుధవారం

నిన్నటిది మళ్ళీ చదివాను. మొన్నటిదీ, మొదటి రోజుదీ చదివాను.

సుత్తి నా తలకి గురిచూసే విసిరాడు. నేను తల వంచాను.

పదిహేడో ఫోటో చాలా బాగా వచ్చింది. నలభై ఒక్కటిలో అన్నిటికన్నా స్పష్టంగా వచ్చింది. అతుకు మీద అలలన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి. చివర వెల్డింగ్ రాడ్డు ఎత్తేముందు వెనక్కి లాగిన చిన్న తోక ఉంది. కుడిచేతి వెల్డరుకి అలా రాదు. మా ఇంటి గేటుకీ, కిటికీ చువ్వలకీ, నేను బడికెళ్ళిన సైకిలు కడ్డీకీ అదే తోక ఉంది.

మధ్యాహ్నం నాన్న షెడ్డుకి వెళ్ళాను. నాన్న ఒక్కడే పని చేసుకుంటున్నాడు.

"నాన్నా, కంకరాయన బండికి వేసిన అతుకు నీదేనా?"

ముఖానికి అడ్డం పెట్టుకున్న మాస్కు తీయలేదు. "చూశావుగా."

"చూశాను."

"ఎలా ఉంది?"

కాదంటాడని అనుకుని వచ్చాను.  "బాగుంది" అన్నాను.

"బాగుందంటే? సరిగ్గా చెప్పు. చదువుకున్నదానివిగా."

"ఎక్కడా బుడగ లేదు. చుట్టూ ఒకే మందం. అంత ఇరుకులో, వెల్లకిలా పడుకుని, మధ్యలో రాడ్డు మార్చిన చోటు కూడా కనిపించలేదు."

మాస్కు ఎత్తాడు. నవ్వుతున్నాడు. నేను ఫస్టు క్లాసులో పాసైన రోజు కూడా ఆ నవ్వు చూడలేదు.

"నాలుగేళ్ళయింది. అసలు బండి క్వారీ నీళ్ళలో ఏళ్ళ తరబడి మునిగి ఉంది. తుప్పు మొత్తం తినేసింది, ఆ అరచేయంత ముక్క తప్ప. ముగ్గురు వెల్డర్లని తీసుకొచ్చాడు. ముగ్గురూ చేతకాదన్నారు."

"నా ఫీజు కోసం చేశావా?" ఆ సంవత్సరమే నా చివరి ఫీజు. అవునంటాడని ఆశపడ్డాను.

"నీ ఫీజా? అది మీ అమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికి కట్టింది. దీనికి వాడు నాకిచ్చింది ఒక పూట భోజనం, భుజం మీద ఒక చరుపు."

"మరెందుకు చేశావు?"

"ముగ్గురూ చేతకాదన్నారని చెప్పాగా."

"అది నేరం నాన్నా."

"ఇనుముకి ఇనుము అతికాను. దాని మీదేం రాసుందో నాకేం తెలుసు? నాకు చదువొచ్చా?"

"అంకెలొచ్చు నీకు."

ఎడమచేత్తో కొట్టాడు, తోలు గ్లవ్వు వేసుకున్న చేత్తోనే. ఈసారి తల వంచడానికి టైము లేదు. పెదవి పన్ను మీద చిట్లింది. ఆ నోటితోనే నిలబడ్డాను. ఆయన గ్లవ్వు లాగి కింద పడేశాడు. 

"రాస్తావా?" అన్నాడు.

"ఇరవై ఒకటిన ఇవ్వాలి."

"నా పేరు రాస్తావా?"

తెలియదన్నాను. అది నిజం.

మార్చి 13, గురువారం

నాన్న భోజనానికి రాలేదు. షెడ్డులోనే ఉన్నాడు. గ్యాస్ కట్టరు గొట్టాలు విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తున్నాడు.

మార్చి 14, శుక్రవారం

ఇవాళ్టిది నేను చూడలేదు. అన్న చూశాడు. అన్న చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

పన్నెండింటికి నాన్న గ్యాస్ సిలిండర్లు తోపుడు బండి మీద పెట్టుకుని క్వారీకి వెళ్ళాడు. క్రషర్ తొట్టికి పగులొచ్చింది, రమ్మన్నారని చెప్పాడు. కావలివాడు తెలిసినవాడే కాబట్టి గేటు తీశాడు. అందరూ భోజనాల్లో ఉన్నారు. నాన్న జీపు కిందికి దూరి, ఆ ముక్కని అతుకుతో సహా కోసేశాడు. కోసి ఊరుకోలేదు. నేల మీద పెట్టి, మంట పెట్టి, ఒక్క అంకె కూడా మిగలకుండా కరిగించి ముద్ద చేశాడు. రంగు కాలిన కంపుకి మనుషులు లేచొచ్చారు. అప్పటికి ఆయన మాస్కు తీసి, ముద్ద మీద నీళ్ళు పోస్తున్నాడట.

నలుగురు. జాకీ రాడ్లు. ముందు మోకాళ్ళ వెనక కొట్టి కింద పడేశారు. పడ్డాక కంకరాయన వచ్చాడు. బూటుతో దవడ మీద తన్నాడు. ఒకసారి కాదు. తర్వాత "ఏ చెయ్యి?" అని అడిగాడట. ఎవడో చెప్పాడు. ఎడమచెయ్యి తీసి బండి ముందు బంపరు మీద పెట్టించాడు. రాడ్డు తనే అందుకున్నాడు.

"నాన్న ఏమన్నాడు?" అని అడిగాను.

"దవడ పోకముందు ఒక మాటన్నాడు. ఇక మా అమ్మాయి రాయడానికేం లేదు అని."

"నువ్వెక్కడున్నావు?"

అన్న నేల చూశాడు. "టిప్పరులో. దిగలేదు చెల్లీ. ఇంజను కూడా ఆపలేదు."

మార్చి 15, శనివారం

దవడ రెండు చోట్ల విరిగింది. తీగలతో కట్టేశారు, ఆరు వారాలు నోరు తెరవకూడదు. ఎడమ మణికట్టులో ఎముకలు నలిగిపోయాయి. రాడ్డు పట్టుకోవడం ఇక కుదరకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆమె చెప్పిన రాడ్డు ఆపరేషన్‌లో వేసేదో, వెల్డింగ్‌దో అర్థంకాక అమ్మ నా వంక చూసింది. వెల్డింగ్‌దే అని చెప్పాను.

అమ్మ మంచం మీద దుప్పటి సర్దుతూ, "ఇది నేను ఉతికిందే" అంది. తర్వాత "ముప్పై ఏళ్ళకి ఈయన నోరు మూయించేవాడొచ్చాడు" అంది. పక్క మంచాల వాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్వి, వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

నా కోసం చేశాడా, తన కోసం చేశాడా అని పొద్దుట్నించీ ఆలోచిస్తున్నాను. నా కోసమే అని రాసుకుందామని పేజీ తెరిచాను. రాయడం లేదు.

మార్చి 16, ఆదివారం

కంకరాయన ఆసుపత్రికొచ్చాడు. ఒక్కడే, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

"ఇప్పుడు నీ రిపోర్టు నాకే కావాలి బంగారం" అన్నాడు. "ముప్పై రెండు లక్షల బండిని మీ నాన్న కోసి పారేశాడు. పోలీసులకి రాసిచ్చాను. విలువెంతో నీ ఆఫీసు చెప్పాలట. ఒరిజినల్ అని రాయి చాలు. మీ షెడ్డు, ఇల్లు, అది చాలకపోతే మీ అన్న జీతం, అన్నీ కోర్టే ఇప్పిస్తుంది."

"అది దొంగ నంబరని రాస్తే?"

"రాయి. రుజువు కరిగిపోయింది. నీ దగ్గర ఫోటో ఉంటే చూపించు. అప్పుడు ఆ దొంగతనం చేసిన చెయ్యెవరిదని అడుగుతారు. అది కూడా నువ్వే రాయాలి. ఎలా రాసినా వీడు నావాడే."

అని మంచం మీద కూర్చున్నాడు. నాన్న ఎడమచేతి మీద. కట్టు మీద.

నాన్న నోరు తెరవలేడు. తీగల మధ్యనుంచి ఒక చప్పుడొచ్చింది. మనిషి చేసే చప్పుడు కాదు.

"లేవండి" అన్నాను.

"ఏం బంగారం?"

"లేవండి."

ఇంకా కొంచెం వెనక్కి జరిగి సర్దుకుని కూర్చున్నాడు. నా చేతిలో ఆఫీసు పెన్నుంది. ఆయన తొడలో దించాను. సగం దాకా దిగింది. లాగి మళ్ళీ దించాను. రెండోసారి అవసరం లేదు, మొదటిసారికే లేచాడు. అయినా దించాను. నాకు బాగుంది. ఇది నేను ఎవరికీ చెప్పలేను, ఇక్కడ రాస్తున్నాను. నాకు బాగుంది.

నర్సులు వచ్చి నన్ను పట్టుకున్నారు. కంకరాయన తన ప్యాంటు మీద రక్తం చూసుకుని, నర్సులకి నాన్నని చూపిస్తూ, "వీడి రక్తమే" అన్నాడు నవ్వుతూ. గుమ్మం దాకా కుంటుతూ వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇరవై ఒకటి" అన్నాడు.

మార్చి 17, సోమవారం

కళ్ళ డాక్టరుగారు ఫోను చేశారు. సంగతంతా ఆయనకి తెలిసింది. "అమ్మా, నా అడ్వాన్సు పోతే పోయింది. నీకు కష్టంగా ఉంటే, పరీక్షకి వీలుపడలేదని ఒక్క ముక్క రాసిచ్చెయ్. నేనేమీ అనుకోను" అన్నారు.

వీలుపడలేదు. వీలుపడలేదు. చిత్తు కాగితం మీద మూడుసార్లు రాసి చూశాను. చక్కగా ఉంది.

కానీ నేను ఏమీ చెప్పకపోతే మిగిలేది రిజిస్ట్రేషన్ పుస్తకం ఒక్కటే. అందులో ఉన్నది నిజం నంబరు. అంటే ముప్పై రెండు లక్షల బండినే నాన్న కోశాడని లెక్క. కంకరాయనకి నా సంతకం అవసరం కూడా ఉండదు.

ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో ఒక లాయరమ్మ ఉంది. పేర్లు చెప్పకుండా అంతా చెప్పాను. ఆమె కూడా పేర్లు అడగలేదు. "అతికినవాడు తనంతట తాను వచ్చి, ఎవరు చేయించారో చెబితే, కేసు చేయించినవాడి మీదికి పోతుంది. ఇతనికీ శిక్ష పడొచ్చు, చిన్నది. వేరేవాళ్ళు పట్టిస్తే మాత్రం ఇతనే దొంగ" అంది. చెయ్యి విరగ్గొట్టినందుకు వేరే కేసు పెట్టొచ్చట. దానికి మా అన్న సాక్ష్యం కావాలి. అన్నని అడిగాను. చెవి తడుముకుని, "నాన్న చెబితే నేనూ చెబుతా" అన్నాడు.

మార్చి 18, మంగళవారం

నాన్నా,

నీ పక్కన నిలబడితే నాకు మాట రాదు. అందుకని ఇది కాగితం మీద పెట్టుకుని, రేపు పొద్దున్న వచ్చి నీకు చదివి వినిపిస్తాను. అమ్మని బయటికి పంపిస్తాను. మధ్యలో ఆపకు. ఎలాగూ ఆపలేవు, నన్ను క్షమించు.

ఇరవై ఒకటో తేదీ, శుక్రవారం, పది గంటలకి నా రిపోర్టు ఇస్తున్నాను. మామూలు బండి, అందులో పొదిగిన నంబరు, ఇప్పుడు చాసీ తెగిన తుక్కు అని రాశాను. పదిహేడో ఫోటో జతచేశాను. నువ్వు కరిగించిన ముక్క ఆ ఫోటోలో చెక్కుచెదరకుండా ఉంది. నాకు చెప్పి ఉంటే, కరిగించి లాభం లేదని ముందే చెప్పేదాన్ని. నువ్వు నాకు చెప్పలేదు. నేనూ నీకు ఫోటో సంగతి చెప్పలేదు.

అతుకు గురించి ఉన్నదే రాశాను. బుడగలు లేవని, మందం సమానంగా ఉందని, నేను బండిలో ఉండగా ఎంత కుదిపినా చీలలేదని. అది పొగడ్త కాదు. పరీక్షలో తేలిన విషయం. అది అందరూ చదువుతారు.

ఎవరు వేశారన్న చోట ఖాళీ వదిలాను. అందులో నీ పేరు నేను రాస్తే నిన్ను పట్టించినదాన్నవుతాను. నువ్వే చెబితే కంకరాయన పేరు కూడా నీ నోట వస్తుంది. లాయరమ్మ ఆసుపత్రికే వస్తానంది. నోరు కదలక్కర్లేదు. ఆమె అడుగుతుంది, నువ్వు తల ఊపితే రాసుకుంటుంది. కుడిచేతి వేలిముద్ర చాలు. నువ్వు వెనక్కి తగ్గితే అన్న కూడా తగ్గుతాడు. నేను తగ్గను. ఆ ఖాళీ నింపే ఇస్తాను. నీ మీద కోపంతో కాదు. కోపం ఉంది, కానీ దానితో కాదు. ఖాళీతో ఇస్తే వాడు మన ఇల్లు తీసుకుంటాడు, నువ్వు వాడి బండిని పాడుచేసినవాడివిగా మిగిలిపోతావు. నువ్వు ఏదీ పాడుచేసే మనిషివి కాదని నాకు తెలుసు.

ఆలోచించుకోవడానికి బుధవారమంతా, గురువారం సాయంత్రం దాకా టైముంది. గురువారం, ఇరవయ్యో తేదీ, ఐదు గంటలకి వస్తాను. ఒప్పుకుంటే కుడిచెయ్యి ఎత్తు. ఒప్పుకోకపోతే ముఖం గోడవైపు తిప్పుకో. రెండిట్లో ఏదైనా జవాబే. కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టు మాత్రం పడుకోకు. ఐదున్నరకి వార్డు తలుపులు వేస్తారు. అంతవరకూ నీ మంచం దగ్గరే నిలబడి ఉంటాను.